ఫ్రాంకెన్‌స్టయిన్ చిత్రమాల: కథలోని అతుకులు, పాత్రల ఆంతర్యాలు

భయం ఎవరికీ ఇష్టమైన అనుభవం కాదు. అయినప్పటికీ, వెల ఇచ్చి, చీకటిలో కూర్చుని, కోరి భయపడి వచ్చేవారు లోకంలో ఎందరో ఉన్నారు. ఇది విడ్డూరంగా కనిపించినా కొత్త విషయం కాదు. నాట్యశాస్త్రంలో భరతముని చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దానికి స్థాయీభావం భయం. దాని పక్కనే బీభత్సాన్ని కూడా చెప్పినాడు. దానికి స్థాయీభావం జుగుప్స. ఈ రెండింటినీ ఆయన వేరుగా ఉంచడంలో గొప్ప వివేకం ఉన్నది. వికృతమైన ముఖాన్ని చూస్తే జుగుప్స కలుగుతుంది. కాని ఆ ముఖం గలవాడు ఏమి కోరుతున్నాడో, దానికోసం ఏమి చేయబోతున్నాడో తోచినప్పుడే నిజమైన భయం పుడుతుంది. అనగా భయానక కథకు ప్రాణం వేషంలో లేదు, పాత్ర ఆంతర్యంలో ఉన్నది.

ఈ మాటను మనసులో ఉంచుకొని, భయానక చలనచిత్రాలలో తరచుగా కనిపించే ఒక లోపాన్ని పరిశీలిద్దాము. ఒక చిత్రానికి కొనసాగింపుగా మరొకటి, దానికి ఇంకొకటి తీస్తూ పోయినప్పుడు కథలో అతుకులు బయటపడతాయి. అవి రెండు విధాలు. చచ్చినవాడు కారణం లేకుండా లేచి రావడం, ఊరి పేరు మారిపోవడం, ఏండ్ల లెక్క తప్పడం మొదలైనవి విషయానికి సంబంధించిన అతుకులు. ఈ మనిషి ఈ పని ఎందుకు చేసినాడు అనే ప్రశ్నకు జవాబు లేకపోవడం రెండవ విధం. ఔచిత్యమే కావ్యానికి జీవితమని పదకొండవ శతాబ్దంలో కాశ్మీర దేశపు క్షేమేంద్రుడు సిద్ధాంతం చేసినాడు. నమ్మశక్యం కాని సాధ్యంకంటె నమ్మదగిన అసాధ్యమే కవికి మేలని అంతకు ఎంతో పూర్వమే గ్రీసు దేశపు అరిస్టాటిల్ చెప్పినాడు. ఈ ఇద్దరు పెద్దల మాటలూ మన విచారణకు తోడ్పడతాయి.

ఉదాహరణకు హాలీవుడ్‌లో యూనివర్సల్ సంస్థ 1931 మొదలు 1948 వరకు నిర్మించిన ఫ్రాంకెన్‌స్టయిన్ చిత్రాలను తీసుకుందాము. ఇవి మొత్తం ఎనిమిది. వీటికి మూలం ఆంగ్ల రచయిత్రి మేరీ షెల్లీ 1818లో వెలువరించిన నవల. ఫ్రాంకెన్‌స్టయిన్ అనేది సృష్టించినవాని పేరేగాని సృష్టింపబడిన జీవి పేరు కాదు. నవలలో ఆ జీవికి పేరే లేదు. కాని దానికి మాట ఉన్నది. ఒక కుటుంబం మాటలను చాటునుండి విని అది భాష నేర్చుకున్నది, గ్రంథాలు చదివినది, నన్ను సృష్టించి ఎందుకు వదిలివేసినావని తన కర్తను నిలదీసినది. చలనచిత్రాలలో ఆ మాటకు పట్టిన గతిని మనం జాగ్రత్తగా గమనించవలసి ఉన్నది.

జేమ్స్ వేల్ దర్శకత్వంలో మొదటి చిత్రం 1931లో విడుదల అయినది. హెన్రీ ఫ్రాంకెన్‌స్టయిన్‌గా కొలిన్ క్లైవ్, అతడు నిర్మించిన జీవిగా బోరిస్ కార్లాఫ్ నటించినారు. శవాల అవయవాలను కూర్చి మనిషిని చేయాలని హెన్రీ సంకల్పం. మెదడు కోసం తన సహాయకుడు ఫ్రిట్జ్‌ను వైద్య కళాశాలకు పంపుతాడు. ఫ్రిట్జ్ మంచి మెదడు ఉన్న సీసాను చేత పట్టుకున్న క్షణంలో ఏదో చప్పుడుకు ఉలిక్కిపడి దానిని జారవిడుస్తాడు. పక్కనున్న నేరస్థుని మెదడు సీసాను ఎత్తుకొని పోతాడు. దానిమీద చీటీ అంటించి ఉన్నది. ఇంతటి శాస్త్రజ్ఞుడు ఆ మెదడును పరిశీలించకుండానే తలలో అమర్చినాడా? ఇది చిత్రమాలలోని మొట్టమొదటి అతుకు. నవలలో ఈ సీసా ప్రసక్తి లేదు.

అయితే ఈ అతుకు కేవలం అజాగ్రత్తకు సంబంధించినది కాదు, మానవ స్వభావాన్ని గూర్చిన ఒక పెద్ద ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది. నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడా, లేక లోకం వానిని అట్లా చేస్తుందా? సీసా చెప్పే జవాబు ఒకటి, కథ చూపే జవాబు వేరొకటి. కండ్లు తెరచిన ఆ జీవి మొదట చేసిన పని పైనుండి పడుతున్న వెలుగువైపు చేతులు చాచడం. కూర్చోమంటే కూర్చున్నది. ఫ్రిట్జ్ కాగడాతో బెదిరించి, హింసించిన తరువాతనే అది తిరగబడి అతనిని చంపినది. తన శరీరాన్ని కోసి పరిశీలించబోయిన డాక్టర్ వాల్డ్‌మన్‌ను చంపినది. ఈ రెండూ ప్రాణరక్షణకు చేసిన పనులేగాని నేరస్థుని మెదడు చేయించిన పనులు కావు. కాగా సీసా కథ ఏమీ వివరించడం లేదు. దానిని తీసివేసినా చిత్రం నడుస్తుంది. పైపెచ్చు మరింత నిండుగా నడుస్తుంది.

మూడవ మరణం చెరువుగట్టున జరుగుతుంది. మేరియా అనే చిన్నపిల్ల ఆ జీవిని చూసి జంకక, పూలు ఇచ్చి, వాటిని నీటిమీద తేలవిడిచే ఆట నేర్పుతుంది. చేతిలోని పూలు అయిపోగానే, అందమైనవన్నీ తేలుతాయనుకొని అది పిల్లనే నీటిలోకి విసురుతుంది. పిల్ల మునిగిపోగానే దిక్కు తోచక పరుగెత్తుతుంది. చిత్రం మొత్తానికి ఇది గుండెకాయ వంటి ఘట్టం. ఈ దృశ్యం క్రూరంగా ఉన్నదన్న అభ్యంతరాలపై పిల్లను విసిరే భాగాన్ని కత్తిరించినారు. తరువాత ఎన్నో దశాబ్దాలపాటు ప్రేక్షకులు చూసినది ఇంతే: ఆ జీవి పిల్లవైపు చేతులు చాచుతుంది, ఆ వెనుక తండ్రి పిల్ల శవాన్ని ఎత్తుకొని వీధివెంట నడచి వస్తాడు. మధ్యలో ఏమి జరిగి ఉంటుందో ఎవరికి తోచినట్లు వారు ఊహించుకున్నారు. ఆ ఊహ అసలు దృశ్యంకంటె ఎన్నో రెట్లు ఘోరమైనది. క్రూరత్వాన్ని తగ్గించాలని పెట్టిన కత్తెర ఒక అమాయకుని ఘాతుకునిగా మార్చినది. 1980ల నాటికిగాని ఆ ముక్క తిరిగి చిత్రంలో చేరలేదు.

ఈ ఘట్టంలోనే ఇంకొక అతుకు ఉన్నది. మేరియా మరణాన్ని చూసినవారు ఎవరూ లేరు. చెరువులో పడిన పిల్లను హత్య చేసినారని తండ్రి ఎట్లా నిశ్చయించుకున్నాడు? పెండ్లినాడు వధువు ఎలిజబెత్ కూర్చున్న గదికి ఆ జీవి దారి ఎట్లా తెలుసుకున్నది? ఈ ప్రశ్నలకు జవాబులు లేవు. అయినా ప్రేక్షకుడు వీటిని పట్టించుకోడు. బిడ్డను మోస్తున్న తండ్రిని చూస్తున్నప్పుడు సాక్ష్యాలు అడగాలని ఎవరికీ తోచదు. విషయంలోని లోటును భావం పూడ్చగలదనడానికి ఇది నిదర్శనం.

1935లో వచ్చిన రెండవ చిత్రం, ఫ్రాంకెన్‌స్టయిన్ వధువు, ఈ మాలలో శ్రేష్ఠమైనదని పలువురి అభిప్రాయం. దీనికీ దర్శకుడు జేమ్స్ వేలే. మొదటి చిత్రం చివర మరలో కాలిపోయినదనుకున్న జీవి కింది నేలమాళిగలో నీరుండడంచేత బ్రతికినదని చెప్పినారు. ఇది ఒప్పుకోదగిన సమాధానమే. కాని చిత్రారంభంలో మేరీ షెల్లీ స్వయంగా వచ్చి తన కథ చెబుతుంది. అంటే కాలం పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లు. లోపలి కథలోనేమో 1899లో మరణించిన యువతి సమాధి కనిపిస్తుంది! దూరాన ఉన్నవారితో మాట్లాడే విద్యుద్యంత్రం కూడా ఉన్నది. కాలానికి ఇంతకంటె పొంతన తప్పడం అరుదు.

ఈ చిత్రంలో ఆ జీవికి మాట వస్తుంది. అడవిలో ఒక అంధ సన్యాసి దానిని ఆదరించి, రొట్టె పెట్టి, మాటలు నేర్పుతాడు. ముఖాన్ని చూడలేనివాడు మాత్రమే దానిని మనిషిగా చూడగలిగినాడు. స్నేహం రుచి తెలిసినది గనుక తోడు కావాలని అది కోరుతుంది. ఆ కోరికను వాడుకొని డాక్టర్ ప్రిటోరియస్ హెన్రీని మళ్లీ ప్రయోగశాలకు రప్పిస్తాడు. ఎలిజబెత్‌ను ఎత్తుకుపోయి నిర్బంధిస్తేగాని హెన్రీ లొంగడు. కాని పని మొదలైన తరువాత అతని కండ్లలో పాత ఉత్సాహమే మెరుస్తుంది. పాత్ర ఆంతర్యాన్ని చూపడమంటే ఇదీ. చివరకు వధువు కూడా తనను చూసి కెవ్వున అరిచినప్పుడు, ఆ జీవి హెన్రీ దంపతులను పొమ్మని విడిచిపెట్టి, ఒక మీటను లాగి ప్రయోగశాలను, ప్రిటోరియస్‌ను, వధువును, తనను నాశనం చేసుకుంటుంది. ప్రయోగశాలను పేల్చివేసే మీటను ఏ శాస్త్రజ్ఞుడైనా తన గోడకు ఎందుకు బిగించుకుంటాడు? అడుగవలసిన ప్రశ్నే. ముందు అనుకున్న ముగింపులో హెన్రీ కూడా మరణించవలసి ఉన్నది. దానిని మార్చినప్పటికీ, కూలుతున్న గదిలో అతడు ఇంకా కనిపిస్తూనే ఉన్నాడు. ఇన్ని లోపాలు ఒకచోట చేరినా ఆ ఘట్టం చెక్కుచెదరలేదు. ఎందుకంటే మీట ఎందుకున్నదో మనకు తెలియకపోయినా, దానిని ఎందుకు లాగినదో బాగా తెలుసును.

1939లో రోలండ్ లీ తీసిన ఫ్రాంకెన్‌స్టయిన్ కుమారుడు అనే చిత్రంలో మొదటి పెద్ద ఆంతర్యలోపం తలెత్తినది. ఆ జీవి మళ్లీ మూగది అయినది. నేర్చిన మాట ఎక్కడ పోయినదో చెప్పినవారు లేరు. ఈ లోటును కొంతవరకు పూడ్చినది ఇగోర్ పాత్ర. బేలా లుగోసీ నటించిన ఈ ఇగోర్‌ను శవాలను దొంగిలించినందుకు ఉరి తీసినారు. మెడ విరిగినా ప్రాణం పోలేదు. తనకు శిక్ష వేసినవారిని ఒక్కొక్కరినే ఆ జీవిచేత చంపించడం అతని పగ. హెన్రీ కుమారుడు వుల్ఫ్‌కు తండ్రి పేరుకు పట్టిన మచ్చను కడుగుకోవాలని ఆశ. ఈ రెండు కోరికల నడుమ ఆ జీవి ఆయుధమైనది. అయినా కార్లాఫ్ దానికి హృదయం నిలిపినాడు. ఇగోర్ శవాన్ని చూసి అది పెట్టిన కేకలో మాట లేకున్నా భాష ఉన్నది. ఈ మాలలో కార్లాఫ్ ఆ వేషం ధరించడం అదే చివరిసారి.

1942లో వచ్చిన నాలుగవ చిత్రంలో లాన్ చేనీ జూనియర్ ఆ వేషం వేసినాడు. అంతకుముందు చిత్రంలో తుపాకి గుండ్లకు కూలిన ఇగోర్ సజీవంగా తిరిగి వచ్చినాడు. అంతవరకు ఎవరూ ఎరుగని రెండవ కుమారుడు లుడ్విగ్ ప్రత్యక్షమైనాడు. అతనికి తండ్రి ఆత్మ కనిపించి, నేరస్థుని మెదడు అమర్చడమే తన తప్పు అని, మంచి మెదడును పెట్టమని ప్రేరేపిస్తుంది. చూచినారా, 1931 నాటి సీసా పదకొండేండ్లకు మళ్లీ పైకి తేలినది! మెదడు మారితే మనిషి మారతాడట. మన పరకాయప్రవేశ కథలలో శరీరం మారినా ప్రాణి అదే. ఇక్కడ మెదడు మారగానే ప్రాణియే మారిపోతున్నది. అప్పుడు ఇంతకాలం మనం జాలిపడిన ఆ జీవి ఏమైనట్లు? ఈ ప్రశ్నను చిత్రం అడుగలేదు. ఆ జీవి మాత్రం తనను చూసి భయపడని ఒక చిన్నపిల్ల మెదడు కావాలని కోరినది. చివరకు పూర్వపు ఓటమితో కుమిలిపోతున్న డాక్టర్ బోమర్, అధికారం ఆశ పెట్టిన ఇగోర్ మాటకు లొంగి, అతని మెదడునే అమరుస్తాడు. నెత్తురు జాతి కలవక ఆ జీవికి చూపు పోతుంది. దాని నోట ఇగోర్ గొంతు పలుకుతుంది.

తరువాతి సంవత్సరం, 1943లో, ఫ్రాంకెన్‌స్టయిన్ జీవి తోడేలు మనిషిని కలుసుకున్నట్లు కథ అల్లినారు. రచయిత కర్ట్ సియోడ్‌మాక్. వెనుకటి చిత్రంలో ఇగోర్ గొంతు పలికింది గనుక ఈసారి లుగోసీకే ఆ వేషం ఇచ్చినారు. అతడు గుడ్డివాని నడక నడచినాడు, సంభాషణ పలికినాడు. కాని చిత్రం బయటికి రాకముందే ఆ మాటలన్నీ తీసివేసినారు. మాటలతోపాటు గుడ్డితనాన్ని గూర్చిన ప్రస్తావన కూడా పోయినది. మిగిలినది చేతులు ముందుకు చాచి, తడబడుతూ నడిచే ఒక ఆకారం. చివర చూపు తిరిగి వచ్చినప్పుడు పెదవులపై మెరిసే కుటిలమైన చిరునవ్వుకు అర్థం తెలియకుండా పోయినది. నేటికీ పిల్లలు ఈ భూతాన్ని అనుకరించవలసి వస్తే చేతులు చాచి బిగుసుకొని నడుస్తారు. అది గుడ్డివాని నడక అని, కత్తెర కారణంగా కారణం పోగొట్టుకున్న నడక అని తెలిసినవారు తక్కువ.

ఈ చిత్రంలోనే మన విచారణకు చక్కని పోలిక దొరుకుతుంది. తోడేలు మనిషి లారీ టాల్బట్ 1941 నాటి వేరొక చిత్రంలో తండ్రి చేతి వెండిపిడి కర్రదెబ్బకు మరణించినాడు. 1943లో సమాధిని దొంగలు తెరవగా వెన్నెల సోకి లేచినాడు. 1944లో వెండి గుండు తగిలి మళ్లీ మరణించినాడు. 1945లో ఏ వివరణ లేకుండా నడచి వచ్చినాడు. అదే చిత్రంలో అతని వ్యాధి నయమైనది. 1948 నాటి హాస్యచిత్రంలో మళ్లీ తోడేలుగా మారుతున్నాడు. విషయపు అతుకులను లెక్కిస్తే ఇతనికి మించినవాడు లేడు. అయినా ప్రేక్షకుడు ఇతనిని విడువలేదు. ఎందుకంటే ఇతని కోరిక ఏనాడూ మారలేదు. తన చేతులతో మరొక ప్రాణం పోకూడదు. అందుకు రోగమైనా పోవాలి, తానైనా పోవాలి. ఈ ఒక్క సూత్రం అన్ని పూసలనూ కలిపి పట్టినది.

ఫ్రాంకెన్‌స్టయిన్ జీవి గతి దీనికి తలక్రిందులు. దానిని మంచులో, బురదలో, ఎక్కడ దొరికినదో చూపుతూనే వచ్చినారు. ఆ విషయంలో లోటు తక్కువ. కాని 1944, 1945 చిత్రాలలో గ్లెన్ స్ట్రేంజ్ ధరించిన ఆ జీవి చాలాసేపు బల్లమీద పడి ఉండి, చివరి నిమిషాలలో లేచి, కొంత విధ్వంసం చేసి నశిస్తుంది. 1945 చిత్రం ముగింపులోని అగ్నిప్రమాద దృశ్యాలు 1942 చిత్రంలోనివే. అది ఏమి కోరుతున్నదో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచదు. వేషం అదే, ఎత్తు అదే, భయం మాత్రం లేదు.

ఇట్లు ఎందుకు జరిగినది? రచయితలు చేతకానివారని అనుకోరాదు. యూనివర్సల్ సంస్థ 1936లో స్థాపకుల చేతులనుండి ఇతరుల చేతులలోకి పోయినది. 1938లో డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టయిన్ చిత్రాలను జంటగా తిరిగి విడుదల చేయగా జనం విరగబడినారు. అందుకే 1939 చిత్రం పుట్టినది. తరువాత దర్శకులు మారినారు, రచయితలు మారినారు. ఆనాడు పాత చిత్రాన్ని ఇంటిలో తెచ్చుకొని సరిచూసే వీలు ప్రేక్షకునికి లేదు. మూడేండ్ల క్రితం చూసినదానిలో ముఖం గుర్తుంటుంది, ఊరి పేరు గుర్తుండదు. 1957లో ఈ చిత్రాలు అమెరికాలో టెలివిజన్‌కు ఎక్కినవి. వారం వారం వరుసగా చూడడం ఆరంభమైన తరువాత అతుకులు కంటబడినవి. అదే సంస్థ తీసిన మమ్మీ చిత్రాలలో మరీ చోద్యం ఉన్నది. 1944లో వచ్చిన ఒక చిత్రం చివర మాసాచుసెట్స్ ప్రాంతపు బురదలో మునిగిన మమ్మీ, అదే సంవత్సరం వచ్చిన తరువాతి చిత్రంలో వందల మైళ్ల దూరాన ఉన్న లూయీసియానా బురదలోనుండి లేస్తుంది. ఇరవైయైదేండ్లు గడచినవని కూడా చెబుతారు!

కాబట్టి భయానక చిత్రాన్ని చూసేటప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్నలు మూడు. ఈ అతుకు విషయానిదా, ఆంతర్యానిదా? విషయానిదైతే, ఆ ఘట్టంలోని భావం దానిని పూడ్చుతున్నదా? ఆంతర్యానిదైతే, అది కథకుని లోపమా, లేక మధ్యలో ఎవరో కత్తెర పెట్టినారా? మూడవ ప్రశ్నను మరువరాదు. తెరమీద ఒక పాత్ర కారణం లేకుండా క్రూరంగా కనిపించినప్పుడు, ఆ కారణాన్ని చెప్పే ముక్క ఎక్కడో నేలపై పడి ఉండవచ్చును.

ఇక ఆ సీసా సంగతి. ఎనిమిది చిత్రాలను వరుసగా చూసినవారికి ఒక నిజం బోధపడుతుంది. మెదడు నేరస్థునిది గనుక ఆ జీవి నేరం చేసినదని కథలోని పెద్దలు చెబుతూ వచ్చినారు. అట్లా చెప్పడం వారికి సుఖం. సృష్టించి విడిచిపెట్టిన తప్పు, కాగడాతో పొడిచిన తప్పు అప్పుడు ఎవరి మీదా ఉండదు. కాని అది పిల్ల ఇచ్చిన పూలను అందుకున్నది, గుడ్డి సన్యాసి పెట్టిన రొట్టెను కృతజ్ఞతతో తిన్నది. ఈ రెండు చోట్లా మెదడు అదే. మారినది ఎదుటివారి ప్రవర్తన. ఇంటిలో, బడిలో, వీధిలో ఒక పిల్లవానిని పుట్టుకతోనే చెడ్డవాడని తీర్మానించే ముందు పెద్దలు ఈ సంగతిని ఒకసారి తలచుకొనడం మంచిది.